రెండో ఆకాశం

"కాల్చు! కుడిపక్క! కుడిపక్క గద్ద!"

జయరాముడు గొంతు చించుకుంటున్నాడు. మా మనవరాలు హసీనా వినిపించుకోవడం లేదు. ఎడమ చేత్తో ఆట డబ్బా పుల్ల తిప్పుతోంది. కుడిచేతి వేలు ఎర్ర బటన్ మీద పెట్టింది పెట్టినట్టే ఉంది.

టీవీలో నల్లటి ఆకాశం. ఆవాలు ఒలికినట్టు చుక్కలు. పైనుంచి రెక్కల ఓడలు గుంపులుగా దిగుతున్నాయి. పిల్లలు వాటికి గద్దలని పేరు పెట్టారు. హసీనా ఓడ మాత్రం అడుగున ఒకటే. చిన్నది, బెండకాయంత.

అది హసీనా మేనమామ అమీర్‌సాబ్ అంగడి. హిందూపురంలో రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడు. ఎనభై ఆరులో ఒక కలర్ టీవీ తెచ్చి, దానికి వీడియో గేమ్ డబ్బా తగిలించాడు. మొదటిసారి చూసినప్పుడు నేను తల ఎత్తి అంగడి పైకప్పు చూశాను, ఎక్కడైనా చిల్లు పడి ఆకాశం ఇందులోకి దిగిందా అని. నవ్వకండి పిల్లలూ. మీ అవ్వలైనా అంతే చేసేవాళ్ళు.

చివరి గద్ద తెర నిండా పరుచుకుని వచ్చింది. హసీనా వేలు ఎత్తలేదు. అది ముక్కలు ముక్కలై రాలిపోయింది. డబ్బాలోంచి పాట మోగింది.

"అయిపాయ! అంతా అయిపాయ!" అని జయరాముడు ఎగిరాడు. హసీనా, వాడు ఒకే క్లాసు. ఆమె గెలిస్తే వాడికే ఎక్కువ సంబరం, ఓడితే వాడికే ఎక్కువ ఎగతాళి.

అమీర్‌సాబ్ నవ్వాడు. "ఏమే కోడలా, దీనికి రెండో భాగం వస్తాండాది బెంగుళూరు నుంచి. దీనికన్నా శానా కష్టమంట."

"రానీ మామా. దాన్నీ ఇట్లే కాలుస్తా."

మళ్ళీ ఆదివారానికి రెండో క్యాసెట్ వచ్చేసింది. పొద్దున్నే అంగడి ముందు పిల్లలంతా చేరారు. అమీర్‌సాబ్ క్యాసెట్ తోశాడు. టీవీ ఒకసారి మిణుక్కుమంది.

అంతే. పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడి ముందుకు జరిగారు.

ఈసారి ఆకాశం నలుపు కాదు. నీలం. నీలంలోంచి ఊదా, ఊదాలోంచి నారింజ. పెనుకొండ కొండంత మబ్బులు మెల్లగా కదులుతున్నాయి. మబ్బుల వెనక చంద్రుడు, ఒక చంద్రుడు కాదు, ఇద్దరు. జయరాముడికి నోరు మూయడం గుర్తు రాలేదు.

తర్వాత గద్దలు దిగాయి. నిదానంగా, పెళ్ళికి వచ్చిన పెద్దమనుషుల్లాగా.

"థూ! ఇది దానికన్నా సులువబ్బా," అన్నాడు జయరాముడు. "మా చెల్లెలు గూడా ఆడుతాది."

హసీనా బటన్ మీద వేలు వేసి కాలుస్తూనే పోయింది. అంతలో తెర ఎర్రగా మెరిసి, చీకటైపోయింది.

"ఏమాయ మామా? కరెంటు పాయనా?"

"కరెంటు కాదు. తెల్లపిట్టను కాల్చినావు."

"ఏ పిట్ట?"

"గద్దల నడుమ తెల్లవి వస్తాండాయి చూడు. అవి మనవంట. వాటిని కాల్చకూడదు, దాటిపోనీయల్ల. ఒకదాన్ని కాలిస్తే ఆట సరి."

రెండోసారి ఆడింది. మళ్ళీ చీకటి. మూడోసారి కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చుంది. పిట్ట కనబడింది కూడా. కానీ వేలు ఆగలేదు. ఏడాది పొడుగునా కాల్చి కాల్చి, ఆ వేలికి ఒత్తడం తప్ప ఇంకేమీ రాదు మరి.

"గద్దల మాదిరే ఉంటే ఎట్ల తెలుస్తాది?" అని అరిచింది.

"తోక కాడ దీపం ఉండాది. చూస్తే తెలుస్తాది."

"చూసేలోపల గద్ద మింగుతాది కదా! మొదటి ఆటే మేలు. అన్నీ గద్దలే. చూసే పనే లేదు."

"హసీనా రాణి ఓడిపాయరో!" అని జయరాముడు అంగడి గుమ్మంలో గంతులేశాడు.

హసీనా ముఖం మిరపపండైంది. అమీర్‌సాబ్ ఆమెను సైకిలు మీద మా ఊరికి తెచ్చి దింపాడు. "అన్నం తిను. సాయంత్రం వచ్చి మళ్ళీ పిలుచుకుపోతా. పొద్దు గుంకేలోపల గెలుద్దువు," అని చెప్పి పోయాడు.

అప్పుడు మా ఇంట్లో కూడా రెండోదే నడుస్తోంది. ఆట కాదు, పట్టుపురుగుల పంట.

మొదటి పంట ఎంత బుద్ధిగా వచ్చిందో! పురుగులన్నీ ఒకే రోజు మేత మానేశాయి. ఒకే రోజు పండుకున్నాయి. ఒకే రోజు పాత తోలు విడిచి లేచాయి. సారు లోపలికి వస్తే బడి పిల్లలంతా ఒకేసారి లేచినట్టు. అవి కట్టిన పట్టుగూళ్ళు హిందూపురం మార్కెట్టుకు పోయాయి. వాటి దారం ధర్మవరం మగ్గాలకు పోతుందని ఎవరో చెబితే, మా హసీనా పట్టుచీర కట్టినవాళ్ళు కనబడినప్పుడల్లా అడిగేది, "అవ్వా, అందులో మన పురుగులు ఉండాయా?" అని.

రెండో పంటకు ఎండ ముదిరింది. మా తోటలో మల్బరీ ఆకు చాల్లేదు. మా కొడుకు మాబుసాబ్ ఆకు కోసం పెనుకొండ పక్కకు పోతూ కూతుర్ని పిలిచాడు.

"అమ్మా హసీనా, ఈ పురుగుల తట్టలు నీకు అప్పగించి పోతాండా. జబ్బు పురుగు కనబడితే ఏరి బయట పారెయ్. ఒక్కటి ఉంటే తట్టంతా చెడిపోతాది. ఇంట్లో అందరి కడుపూ దీని మీదే ఉండాది."

"నేనా నాయనా? నేనొక్కదాన్నేనా?"

"నీ చూపు చురుకు కదా. నువ్వే."

అంతవరకు ఆకు కోయడమే ఆమె పని. ఇప్పుడు తట్టలే ఆమెవి. ఆ మాటకు మురిసిపోయింది. కానీ మనసు ఇంట్లో ఉంటే కదా! అన్నం తింటున్నా చెవులు సైకిలు బెల్లు మీదే. తల్లి షరీఫాబీ తోటలో నీళ్ళు కడుతోంది. నేను వసారాలో చింతపండు గింజ తీస్తున్నాను.

హసీనా తట్టల ముందు నిలబడింది. ఆకు తినే పురుగు మంచిది. కదలని పురుగు జబ్బుది. అంతే కదా! ఇది జబ్బు. ఇది జబ్బు. ఇదీ జబ్బు. చేయి టకటకా ఆడింది. బక్కెట్లోకి పురుగులు రాలాయి. బక్కెట్టు తీసుకుపోయి పెరట్లో కుమ్మరించింది.

నాకు కోళ్ళ గోల వినబడింది. కోళ్ళు ఊరికే అంత సంతోషపడవు. లేచి పోయి చూద్దును కదా, అవి పొడుచుకు తింటున్నవి మా పట్టుపురుగులే.

"హసీనా! ఇవేందే? ఇన్ని పారేసినావేంది?"

"జబ్బు పురుగులవ్వా. కదల్లేదు. ఆకు గూడా తినల్లేదు."

నేను కోళ్ళను అదిలించి ఒక పురుగును అరచేతిలో పెట్టుకున్నాను. మొదటి పంట నాళ్ళంతా ఆ తట్టల పక్కనే కూర్చున్నదాన్ని, నాకు తెలియదా?

"చూడు. తల ఎట్ల పెట్టుకోనుండాది?"

"పైకెత్తుకోనుండాది."

"జబ్బుది తల వాల్చేస్తాది. మెత్తగా అయిపోతాది. ఇది పండుకోనుండాదే తల్లీ."

"పండుకుంటే అన్నీ ఒకేసారి పండుకోవల్ల కదా! పోయినసారి అట్లే కదా!"

"పోయినసారి పోయినసారే. ఇప్పుడు ఎండకు కొన్ని ముందు పండుకున్నాయి, కొన్ని ఇంకా తింటాండాయి. అవి చెప్పవు. మనమే చూడల్ల."

హసీనా నేల మీద పడి ఉన్న పురుగుల్ని చూసింది, కోళ్ళను చూసింది. పరిగెత్తి, చేతికి దొరికిన చీపురుతో కోళ్ళను గోడ దాకా తరిమింది. అయినా కొన్ని అప్పటికే కోళ్ళ కడుపులోకి పోయాయి.

బయట సైకిలు బెల్లు మోగింది.

"రావే కోడలా! పిట్టలు కాచుకోనుండాయి!"

"నేను రాను మామా."

"ఏమాయనే?"

ఆమె మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక్కొక్క పురుగు మీదికి వేలు తెచ్చి, ఆపి, వంగి చూసింది. తల ఎత్తి ఉంటే అరచేతిలోకి. వాల్చి ఉంటే పక్కకు. ఒక్కోసారి చాలాసేపు చూసింది. అమీర్‌సాబ్ సైకిలు గోడకు ఆనించి వచ్చి పక్కన కూర్చున్నాడు.

తల ఎత్తుకున్నవాటిని మేము విడిగా ఒక పొడి తట్టలో పరిచాము.

"బతుకుతాయా అవ్వా?"

"పండుకునేటప్పుడు కాళ్ళ కింద సన్నని దారం వేసుకుని పట్టుకోనుంటాయి. ఆ పట్టుతోనే తోలు విడుస్తాయి. నువ్వు లాగితే అది తెగిపాయ. చూద్దాం."

పొద్దు గుంకే వేళకు మాబుసాబ్ ఆకు మూటతో వచ్చాడు. మూట దించకముందే హసీనా పోయి ఎదురుగా నిలబడింది.

"నాయనా, పండుకున్న పురుగుల్ని పారేసినా. ఆటకు పోవల్లని తొందర తొందరగా ఏరితి. కోళ్ళు కొన్ని తినేసినాయి."

మాబుసాబ్ మూట దించాడు. తట్టలు చూశాడు. విడిగా పెట్టిన పొడి తట్ట మీదికి వంగాడు. 

"మళ్ళీ ఏరినావా?"

"ఏరినా."

"చూసి ఏరినావా?"

"చూసే ఏరినా నాయనా."

"సరే. రేపు బడికి పోకముందు నాతో కూచో."

పొద్దున్నే ఇద్దరూ ఆ పొడి తట్ట ముందు కూర్చున్నారు. నేనూ వెనక నిలబడ్డాను. ఒక పురుగు ఒళ్ళు సన్నగా వణికింది. తల వెనక తోలు చిట్లింది. లోపలినుంచి కొత్త తల, పెద్దది, తడితడిగా బయటికి వచ్చింది. పురుగు ముందుకు నడిచింది. దాని పాత ఒళ్ళు వెనకే ఉండిపోయింది.

"నాయనా!" హసీనా గుసగుసగా అంది. "చొక్కా విడిచినట్టు విడుస్తాందే! దాన్ని అదే విడుస్తాంది!"

నాకు ఇన్నేళ్ళు వచ్చాయి. టీవీలో ఇద్దరు చంద్రుల్ని చూశాను. అయినా ఆ పూట ఆ తట్టలో చూసినదానికి నా ఒళ్ళు జలదరించింది.

అన్నీ లేవలేదు. కొన్నిటికి తోలు సగంలో చిక్కుకుపోయింది. హసీనా వాటినీ చూసింది, ముఖం తిప్పుకోలేదు. లేచినవాటి మీద మాబుసాబ్ ఆమె చేత్తోనే ఆకు వేయించాడు. కాసేపటికి రేకుల కప్పు మీద వాన మొదలైనట్టు చప్పుడు. ఆకు తింటున్నాయి.

మళ్ళీ ఆదివారం వచ్చింది. ఈసారి వాళ్ళ నాయనే "పోయిరా" అన్నాడు. అమీర్‌సాబ్ అంగడిలో హసీనా కుర్చీ ఎక్కింది. ఆ రోజు నేనూ వెంట పోయాను.

నీలం ఆకాశం. మబ్బుల కొండలు. గద్దలు దిగాయి. హసీనా కాల్చింది, ఆగింది, కాల్చింది. ఇదివరకటి టకటక లేదు.

"ఏమే, చేతికి తిమ్మిరా?" అన్నాడు జయరాముడు.

అప్పుడే గద్దల గుంపు అంతా ఒకేసారి మీద పడింది. వాటి నడుమ ఏదో తెల్లగా కదిలింది.

"కాల్చు! మీదికి వస్తాండాది! కాల్చవే!"

అంగడిలో పిల్లలంతా అరుస్తున్నారు. హసీనా ముందుకు వంగింది. కళ్ళు చిన్నవి చేసుకుని చూసింది.

ఆమె వేలు బటన్ మీదినుంచి లేచింది. పండుకున్న పురుగు తల ఎత్తినట్టు, గాలిలో కదలకుండా నిలబడింది.

తెల్లపిట్ట తోక దీపం మిణుకుమిణుకుమంటూ ఆమె ఓడ పక్కనుంచి దాటి, పైకి, ఇద్దరు చంద్రుల నడుమకు పోయింది.