సెన్సింగ్ వైరు

"మా ఫ్రిజ్‌లో పుచ్చకాయ కుళ్లిపోయింది ఉస్తా," అన్నాడు షాపు ముందు ఆగిన టాక్సీ డ్రైవరు.

అది కోడ్ వర్డ్. సినాన్ స్పానర్ కింద పెట్టాడు. బాగ్దాద్‌లో కర్రాదా వీధి మొత్తానికీ అతను జనరేటర్లు బాగుచేసే ముహన్నద్ ఉస్తా, అంటే మేస్త్రి. సీక్రెట్ ఏజెంట్ అని తెలిసింది ఇద్దరికే. ఒకడు ఈ డ్రైవరు. రెండోది వాల్డెక్ ముఠాలో దొంగపేరుతో చేరిన లమ్యా.

"వాల్డెక్ ముఠాలో మన మనిషెవరో వాడి పైవాళ్లకి తెలిసిపోయింది. పన్నెండింటికి వైర్‌లెస్‌లో వాడికి పేరు చెప్తారు. విన్నాడంటే లమ్యాని అక్కడికక్కడే కాల్చేస్తాడు. మేం తలుపు పగలగొట్టినా అంతే. ఆ వైర్‌లెస్ సెట్ చావాలి, కారులో ఉన్న రెండో సెట్ కోసం వాడు కిందికి దిగాలి. వాళ్ల జనరేటర్ మొరాయించింది. నీకే కబురొస్తుంది. నువ్వు కాదంటే ఇంకొకడు బాగుచేస్తాడు."

"ఆమెకి తెలుసా?"

"తెలీదు."

సినాన్ మీటరూ స్పానరూ సంచిలో వేసుకున్నాడు. ఏళ్ల తరబడి అబద్ధపు పేరుతో, రొట్టె ముక్కతో, రేడియోతో బతుకుతున్నాడు. అసలు పేరుతో పిలిచేది ఆమె ఒక్కతే. అదీ ఎప్పుడో, గుసగుసగా.

అనుకున్నట్టే కబురొచ్చింది. వాల్డెక్ అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఇంజిన్ రొద పెడుతోంది. వాల్డెక్ కోటు కింద పిస్టల్ ఉబ్బుగా కనిపిస్తోంది. ఆకుపచ్చ సిల్కు గౌనులో లమ్యా టీ తెచ్చి, ముక్కూ మొహం తెలియనివాణ్ణి చూసినట్టు చూసింది.

"తిరుగుతోంది. కరెంటు లేదు. ఎందుకు?" అన్నాడు వాల్డెక్.

సినాన్ మీటర్ మూడు వోల్టులే చూపించింది. "బ్రేకర్ బానే ఉంది. బ్రష్షులూ అరగలేదు. ఎన్నాళ్లైంది వాడి?"

"చలికాలం నుంచీ మూలనే ఉంది," అంది లమ్యా.

"అదీ సంగతి! ఊరికే పడుంటే లోపలి అయస్కాంతం చచ్చిపోతుందండీ. అది లేందే కరెంటు పుట్టదు. కారు బ్యాటరీ తెప్పించండి."

ఇంజిన్ ఆపి, బ్యాటరీ తీగలు కలిపే నెపంతో ఏవీఆర్ డబ్బా మీద సెన్సింగ్ వైరు స్క్రూని కాస్త వదులు చేశాడు. వోల్టేజీని అదుపు చేసేది ఆ డబ్బాయే, అదెంతుందో డబ్బాకి చెప్పేది ఆ వైరు. ఇంజిన్ అదురుకి వైరు ఊడితే వోల్టేజీ అదుపు తప్పి సెట్‌ని కాల్చేస్తుంది. త్వరగా ఊడితే దొరికిపోతాడు. ఆలస్యంగా ఊడితే లమ్యా ఉండదు.

ఇంజిన్ మళ్లీ నడిపి, బ్యాటరీ తీగలు క్షణంపాటు తాకించాడు. మీటర్ ముల్లు లేచి రెండొందల ఇరవై దగ్గర నిలబడింది. గదిలో ఫ్యాన్ తిరిగింది.

"శెభాష్," అంటూ వాల్డెక్ వైర్‌లెస్ సెట్ ముందు కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. "వినిపిస్తోంది. ఎవరా ద్రోహి? పేరు చెప్పు."

వైరు ఇంకా ఊడలేదు. సినాన్ బ్యాటరీ తీగలు చుట్టసాగాడు. కళ్లెత్తి లమ్యాని చూసే ధైర్యం లేకపోయింది.

ఉన్నట్టుండి ఫ్యాన్ పిచ్చెత్తినట్టు తిరిగింది. బల్బు ఫట్‌మని పేలింది. సెట్‌లోంచి పొగ లేచింది.

"దద్దమ్మా!" వాల్డెక్ అతని చెంప పగలగొట్టాడు. రెండో సెట్ కోసం తనే కారు దగ్గరికి పరుగెత్తాడు. మెట్ల కింద డ్రైవరు మనుషులు వాణ్ణి ఒడిసిపట్టారు.

లమ్యాని అటునుంచి అటే ఎయిర్‌పోర్టుకి పంపేశారు. మెట్లు దిగుతూ, "వస్తా సినాన్," అంది పైకే. ఇక రాదని ఇద్దరికీ తెలుసు. అతనికి ఏడుపొచ్చింది. చేతిలో స్పానర్ ఉంది కాబట్టి దాన్నే తుడుస్తూ నిలబడ్డాడు.

మర్నాడు పొరుగింటి ఉమ్ దురైద్ రిపేరుకిచ్చిన జనరేటర్ వెనక్కి తీసుకుపోవడానికి వచ్చింది.

"ఎవరి సెట్టో తగలబెట్టావటగా? చేతకాకపోతే చెప్పొచ్చుగా నాయనా!"

"పొరపాటైంది పిన్నీ. కూర్చో, టీ తాగి వెళ్దువు."

"అవతల ఆ రెండో ఉస్తా షాపు మూసేస్తాడు," అంటూ ఆవిడ జనరేటర్‌ని ఈడ్చుకుపోయింది.

దేశం మెడల్ ఎప్పుడిస్తుందో గానీ, ఇంత చేతకాని మెకానిక్ ఇంకొకడు లేడన్న బిరుదు మాత్రం కర్రాదా ఆ పూటే ఇచ్చేసింది.