అమావాస్య లారీ

"లారీ నంబరు ఆ ఫ్యాక్టరీ సర్వర్‌లో ఉండాది. రైలొచ్చే లోపల అది వంతెనకాడుండే కంబన్న చెవిన పడాల!"

చీఫ్ నాగసుబ్బయ్య గొంతు తగ్గించాడు. కర్నూలులో ఆయనకు బట్టల కొట్టు. కొట్టు వెనక గదిలో సీక్రెట్ సర్వీస్.

విదేశీ ముఠా ప్లాన్ చిన్నదే. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ నుంచి ఒక లారీ బయల్దేరుతుంది. బస్తాల కింద పేలుడు పదార్థాలు. పెన్నా రైలు వంతెన కింద ఆగుతుంది. పైన ఎక్స్‌ప్రెస్ రాగానే పేలుతుంది.

"రైలునే ఆపితే సార్?" అన్నాడు ఏజెంట్ ధనుంజయ.

"ఏదో ఊళ్లో పేల్చేస్తారప్పా. లారీలన్నీ ఆపినా అంతే. ఆ ఒక్కదాన్నే పట్టాల. లోపల డేటాబేస్ చూసే శిల్ప మన మనిషే."

మరుసటి మధ్యాహ్నం ధనుంజయ ఏసీ మెకానిక్ వేషంలో సర్వర్ గదికి చేరాడు. గ్యాస్ సిలిండర్‌లో వైర్‌లెస్ సెట్టు. ఎదురుగా శిల్ప. సిమెంటు దుమ్ములో కూడా మాయని పట్టుచీర.

"ఉగ్గాని వేడిగా ఉందా?"

"బజ్జీ తోడుంటేనే రుచి," అని నవ్వింది. కోడ్ సరిపోయింది. ఆ నవ్వుకు పొంగిపోయి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు మనవాడు. వెనక ఇనుప తలుపు ధనాల్న మూసుకుంది.

స్పీకర్లో ఆమె గొంతు. "సారీ ధనుంజయ్. వాళ్లు నాకు ముందే పరిచయం."

"మరి సర్వర్ ఆపలేదేం?"

"అది ఆగితే గేటు తెరుచుకోదు, మా లారీ కదలదు. వెతుక్కో. మద్రాసులో మా గురువు గారిని అడిగి మరీ మంచిరోజున తీస్తున్నాం బండి."

ఏసీ ఆగిపోయింది. కిటికీ లేని గది కాసేపటికే కొలిమిలా కాగింది. సిలిండర్‌లోంచి కంబన్న గొంతు. వంతెన దగ్గర కాపు కాస్తున్న అసిస్టెంట్ అతను.

"ఏమప్పా, నంబరు యాడ? లారీలు శానా వస్తాండాయి. ఆ రైల్లోనే నా పెండ్లాం రామసుబ్బమ్మ పిల్లల్తో వస్తాండాది!"

లారీ, డ్రైవర్, గేటు పాసు, సరుకు, దారి... వివరాలన్నీ పద్నాలుగు టేబుళ్లలో చెదిరి ఉన్నాయి. ధనుంజయ అన్నిటినీ జాయిన్ చేస్తూ, అంటే ఒకటిగా కలుపుతూ, క్వెరీ కొట్టాడు. కర్సర్ మిణుకుమంటూ కూర్చుంది. జవాబు లేదు. మళ్లీ కొట్టాడు. లేదు.

సెట్టింగులు చూశాక గుట్టు తెలిసింది. డేటాబేస్‌లో ప్లానర్ అని ఒకటుంటుంది. ఏ టేబుల్‌ను ముందు కలపాలో, దేన్ని తర్వాత కలపాలో అదే తేలుస్తుంది. మూడు నాలుగైతే క్షణంలో పని. పద్నాలుగైతే వరుసలు కోట్లకు కోట్లు. అందుకే దానికి హద్దులు పెడతారు. శిల్ప ఆ హద్దులన్నీ ఎత్తేసింది. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో తేలక వడ్డనే మొదలుపెట్టని పెళ్లివారిలా ప్లానర్ ఆలోచిస్తూనే ఉంది. తాను గదిలో, అది లెక్కల్లో. ఇద్దరినీ ఒకే మనిషి ఇరికించింది!

"జాయిన్ కొలాప్స్ లిమిట్" అనే హద్దును ఒకటికి దించాడు. అంటే, నీ తెలివి చాలు, నేను రాసిన వరుసలోనే కలుపు అని. సరే, మరి వరుస? మొదటి టేబుల్లోనే లక్షల ట్రిప్పులు తగిలితే సాయంత్రమైనా తెమలదు. చెమట కళ్లలోకి దిగుతోంది. భయమేసింది, నిజంగా భయమేసింది.

మంచిరోజు చూసి బండి తీస్తున్నామంది కదూ శిల్ప? అంటే కొత్త బండి, తొలి ట్రిప్పు.

ఈరోజు అమావాస్య!

మద్రాసు వైపు అది శుభదినం. ఈ సీమలో కొత్త లారీకి అమావాస్యనాడు టెంకాయ కొట్టేవాడెవడు? రాజంపేటలో లారీలు తిప్పిన ఇంట్లో పుట్టాడు ధనుంజయ. తొలి ట్రిప్పుకు వాళ్ల నాన్న పాడ్యమి దాటేదాకా తాళంచెవి ఇచ్చేవాడు కాదు.

ఈరోజే తొలి ట్రిప్పు పాసు తీసుకున్న బండ్లు. ముందు అది. దానికి లారీ, ఆపైన దారి, డ్రైవర్, మిగతావన్నీ వరుసగా. ఎంటర్.

ఒకే ఒక్క లైను వచ్చింది.

"కంబన్నా! రాసుకో!"

నంబరు చదివాడు. శిల్ప తనను లోపల పెట్టి తాళమేసిందనీ చెప్పాడు. ఆ తర్వాత సెట్టులో గరగర తప్ప ఏమీ లేదు. ఆ గరగరలోనే దూరంగా రైలు కూత. ధనుంజయ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. వంతెన మీద చక్రాల చప్పుడు సాగింది, సాగింది... దాటిపోయింది.

"దొరికిందప్పా!" కంబన్న ఏడుస్తున్నాడు. "డ్రైవర్ చెయ్యి బటన్ మీదుండంగానే పట్టినా. ఆ యమ్మను గేటుకాడ మనోళ్లు పట్టినారు. తాళంచెవి మాత్రం యాడనో పారేసిందంట. తలుపు కోసేదానికి మనిషి కడప నుంచి రావాల."

"అంతదాకా ఈడ ఉడికిపోవాల్నా?"

"ఏసీ మెకానిక్కువే కదప్పా, బాగుచేసుకో!"