సముద్రానికి వీపు

బావమరిది చూపించిన ఇల్లు కాబట్టి మేస్త్రికి మొదట్నుంచీ అనుమానమే. ఎప్పుడో వాడి మాట నమ్మి నాసిరకం ఇటుక కొన్నాడు. జుట్టు నెరిసింది గానీ ఆ మంట ఆరలేదు. అందుకే ఇంట్లో దిగగానే తాపీ పిడితో గోడలన్నీ తట్టి చూశాడు. టక్... టక్... సముద్రం వైపు గోడ ఒకచోట డొల్లగా పలికింది.

"ఇక్కడ కిటికీ ఉండేది. ఎవడో మూసేశాడు. సముద్రం కనబడే కిటికీని ఊరికే మూస్తారా? నీ తమ్ముడు ఏదో దాచాడు."

"మీరు మంచినీళ్ళు కూడా వాసన చూసి తాగే రకం," అంది భార్య, మోకాళ్ళు రాసుకుంటూ.

ఆ మోకాళ్ళ కోసమే ఈ ఇల్లు. సముద్రపుగాలికి కాస్త నడిపించమని డాక్టరు చెప్పాడు. సాయంత్రాలు ఒక్కో తీరమే చూసి వచ్చారు. ఒకచోట జనం, కాలు పెట్టే సందు లేదు. ఇంకోచోట రాళ్ళు, ఆమె వల్ల కాలేదు. చివరికి వీధి చివరున్న పార్కే మిగిలింది.

చక్కటి పార్కు. నీడ, శుభ్రం, సిమెంటు బల్లలు. కానీ బల్లలన్నీ సముద్రానికి వీపు పెట్టి ఉన్నాయి. జనం వాటి మీద కూర్చుని, మాటా మంతీ లేకుండా ప్రహరీగోడను చూస్తున్నారు.

మేస్త్రి వంగి చూశాడు. నేలమీద బల్లకాళ్ళ పాత గుర్తులున్నాయి. ఒకప్పుడు బల్లలు సముద్రం వైపే చూసేవి. ఎవరో పనిగట్టుకుని తిప్పారు.

"అలాగే కూర్చోండి పెద్దాయనా," అన్నాడు కాపలాదారు. "గాలి ఎటు కూర్చున్నా తగుల్తుంది."

తిన్నగా చెప్పడేం వీడు? తప్పుడు పని కంటబడ్డాక వదిలేస్తే మేస్త్రికి నిద్ర పట్టదు. మర్నాడు సంచీలో తాపీ, చేతిలో గునపం పట్టుకొచ్చాడు. కాపలాదారు గేటు దగ్గరుండగా గునపంతో ఎత్తి ఎత్తి ఒక బల్ల తిప్పేశాడు.

"ఇప్పుడు కూర్చో, మహారాణిలా."

ఆమె కూర్చుంది. పొద్దు వాలింది. నాచు కుళ్ళిన వాసన... దానిలో తడిసున్నం వాసన. అలలు లేస్తున్నాయి, విరుగుతున్నాయి. చప్పుడు మాత్రం లేదు.

భార్య మెల్లగా చెయ్యి ఊపుతోంది.

"ఎవరికే?"

"ఆవిడకి. నడుంలోతు నీళ్ళలో నిలబడింది చూడండి. పాపం, ఎంతసేపట్నుంచి పిలుస్తోందో."

నీళ్ళలో ఎవరూ లేరు.

కాపలాదారు పరుగున వచ్చాడు. బల్లను చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మగారు చెయ్యి ఊపారా?"

తప్పు ఒప్పుకోవడం మేస్త్రి ఇంటావంటా లేదు. "లేదు," అన్నాడు.

"బతికిపోయారు. మా ఆవిడ ఊపింది. మర్నాడు నీళ్ళలోకి నడుచుకుంటూ పోయింది. అప్పుడు తిప్పాం బల్లలన్నీ."

మేస్త్రి భార్య చెయ్యి పట్టుకుని ఇంటి దారి పట్టాడు. పట్టుకున్నది తనే, లాక్కుపోతున్నది ఆమె. ఇన్నాళ్ళూ గోడ పట్టుకుని నడిచిన మనిషి... ఇప్పుడు కుంటడం లేదు.

తలుపు గడియ వేసి, తాళం మొలలో దోపుకున్నాడు. ఆమె కుర్చీ లాక్కుని సముద్రం వైపు గోడకు ఎదురుగా కూర్చుంది.

"ఏమండీ, ఆ కిటికీ తీసెయ్యరాదూ."

"పడుకో."

"అలా బయట నిలబెడతామా ఎవరినైనా?"

అప్పుడు వినిపించింది. టక్.

గోడ అవతల... మూల దగ్గర. టక్. మళ్ళీ కాస్త ఇవతల. టక్.

బావమరిది వేళాకోళమేమో అనుకున్నాడు మేస్త్రి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఆ వెధవే అయితే బాగుండునని కోరుకున్నాడు. కానీ ఆ చప్పుడు ఆయనకు తెలుసు. అరిగిపోయిన తన తాపీ కొయ్యపిడి చప్పుడు. సంచీ కోసం వెతుక్కున్నాడు. అది పార్కులో బల్ల దగ్గరే ఉండిపోయింది.

టక్... గట్టి ఇటుక. టక్... గట్టిదే. తట్టేవాళ్ళకి తొందరేమీ లేదు. పని నేర్చిన చెయ్యిలా, జానెడు జానెడు జరుగుతూ వస్తోంది.

డొల్లగా పలికింది.

అక్కడ ఆగింది.

భార్య చెయ్యి ఎత్తింది.