తలుపు సందున పొత్రం

నూకరత్నానికి లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తలుపు మూసుకుపోవడం. తను ఇవతలా, పిల్ల అవతలా ఉండిపోవడం. చావంటే కూడా అంత భయం లేదు ఆమెకి.

అది 2091వ సంవత్సరం. ఆ కాలానికి భీమిలి తీరంలో ఉగాది దాటిందంటే పగలు పదకొండు మొదలు సాయంత్రం అయిదు దాకా మనిషన్నవాడు బయట అడుగు పెట్టడు. జనమంతా చలువమేడల్లో ఉంటారు. ఒక్కో మేడ నలభై అంతస్తులు. ప్రతి ఇంటికీ వరండాకీ మధ్య ఒక ఉష్ణకవాటం. థర్మల్ డోర్‌కి పుస్తకాల వాళ్లు పెట్టిన పేరది. జనం మాత్రం వేడితలుపు అంటారు. దానికి గడియ లేదు, పట్టుకుని లాగడానికి పిడి లేదు. వరండాలో వేడి నలభై అయిదు డిగ్రీలు దాటిందా, తనంతట తనే జారి మూసుకుంటుంది. వేడి దిగితేనే మళ్లీ తెరుచుకుంటుంది. లోపలి చల్లదనం బయటికి పోకూడదు కదా, అందుకని. ఆ తలుపుకి వేడి తెలుస్తుంది. మనిషి తెలియదు.

నిరుడు వేసవిలో ఎనిమిది నెలల మందారం పాక్కుంటూ గడప దాటింది. రత్నం పప్పులో తాలింపు పెడుతోంది. ఆవాల చిటపటలో తలుపు జారిన చప్పుడు వినిపించలేదు. తొమ్మిది నిమిషాలు. అవతల పిల్ల ఏడుపు, ఇవతల తల్లి గోళ్లు. ఎనిమిదో నిమిషంలో ఏడుపు ఆగిపోయింది. ఆ ఒక్క నిమిషం రత్నం ఒంట్లోంచి ఇప్పటికీ పోలేదు. మబ్బు అడ్డొచ్చి వేడి కాస్త దిగి, తలుపు తెరుచుకునేసరికి పిల్ల బతికే ఉంది. అరచేతులు మాత్రం బొబ్బలెక్కాయి.

మర్నాడు రత్నం సన్నికల్లు మీద పచ్చడి నూరే రాతి పొత్రాన్ని తెచ్చి తలుపు సందున అడ్డం పెట్టింది. తలుపు దాన్ని కరుస్తుంది, వదులుతుంది, మళ్లీ కరుస్తుంది, మేకపిల్లలా అరుస్తుంది. అరవనీ అనుకుంది రత్నం.

ఆమె తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి మేడ లిఫ్టుల దగ్గర పనికి కుదిరిన మనిషి. ఆ తొమ్మిది నిమిషాల సంగతి లిఫ్టు ఎక్కిన ప్రతివాళ్లకీ చెప్పింది. ఎన్నికలొచ్చినప్పుడు ప్రతిపక్షం వాళ్లకి ఆ చోట నిలబడే మనిషి దొరక్క ఆమెని నిలబెట్టారు. గెలిచేసింది. సభలో ఆమె అడగాలనుకున్నది ఒక్కటే: ప్రతి వేడితలుపుకీ లోపలా బయటా చేత్తో తిప్పే గడియ ఒకటి ఉండాలి. అంతే.

సభ్యురాలయ్యాక ప్రభుత్వం వాళ్లు ఆమె గొంతు అడిగారు. ఆ ఏడే ప్రతి ఇంటి గోడకీ ఆలకింత అనే యంత్రం పెడుతున్నారు. అరచేయంత పలక, మధ్యలో చిన్న దీపం. జనం తమ బాధలు దానికి చెప్పుకోవచ్చు. అది ఆ నియోజకవర్గపు సభ్యుడి గొంతుతోనే పలుకుతుంది, వింటుంది, రాసుకుంటుంది. చంటిపిల్లని చంకనేసుకుని నలభై అంతస్తులూ ఎక్కిదిగలేక సతమతమవుతున్న రత్నానికి అది దేవుడిచ్చినట్టే అనిపించింది. మూడు రోజులు కూర్చుని, ఇచ్చిన మాటలన్నీ చదివి గొంతు ఇచ్చేసింది.

వేసవి సమావేశాల్లో ఆమె మొదటి ప్రశ్న వేసింది. వేడితలుపుల వల్ల ప్రజలు ఇబ్బంది పడుతున్న మాట వాస్తవమేనా? అయితే ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి? మంత్రిగారి జవాబు ఒక్క నిమిషంలో అయిపోయింది.

"మొదటిదానికి, కాదండి. తీరని ఫిర్యాదు ఒక్కటీ మా దగ్గర లేదు. రెండోదానికి, ప్రశ్న ఉత్పన్నం కాదు."

ఉత్పన్నం కాదట. రత్నం ఇంటికొచ్చి ఆ మాటనే నమిలింది. తెల్లవారి ఇంకా ఎండ ముదరకముందే ముప్ఫై ఒకటో అంతస్తుకి ఎక్కింది. అక్కడ కొండమ్మని ఒకామె ఉంది. రత్నం ఈడుదే. ఆ ఇంటి తలుపు మొన్న నలభై నిమిషాలు బిగిసిపోయిందని లిఫ్టులో ఎవరో అన్నారు.

కొండమ్మ ఆమెని చూడగానే చేతులు పట్టుకుంది. "ఓలప్పా, నువ్వే వొచ్చీసినావేటి? మొన్న అంతసేపు సెప్పుకున్నాను కదా!"

"నాకెప్పుడు సెప్పినావు?"

"గోడకి సెప్తే నీకు సెప్పినట్టు కాదేటి? మా గుంటడు వరండాలో ఉండిపోయినాడప్పా. సెవుల్లోంచి నెత్తురొచ్చింది. ఆల్నాన్న ఆసుపత్రికి అట్టుకుపోనాడు. నాను గోడ కాడ కూకుని ఏడిస్తే నువ్వూ ఏడ్సినావు. తిన్నావా అమ్మీ అన్నావు. మా అమ్మయినా అలా అడగలేదు."

రత్నం గోడ మీది పలకని చూసింది. "మరి తలుపు మార్సినారా?"

"తలుపా..." కొండమ్మ ఆ తలుపుని అప్పుడే చూస్తున్నట్టు చూసింది. "అదలాగే ఉంది. నువ్వు విన్నావు గదా. గుండె బరువు దిగిపోయింది. మరింక అడగాలనిపించనేదు."

ఆలకింతని కనిపెట్టిన శాస్త్రవేత్త డాక్టర్ శాంభవి. నెరిసిన జుట్టు, నెమ్మదైన మాట. రత్నం ఆవిడ ప్రయోగశాలకి వెళ్లి నిలదీసింది.

"మీ మేడల నుంచి మూడు నెలల్లో పదకొండు వేల మొరలు వచ్చాయమ్మా. దాదాపు అన్నీ తీరాయి," అంది శాంభవి.

"ఎన్ని తలుపులకి గడియలు పెట్టారు?"

"తలుపులు మా శాఖ కాదు."

"మరి తీరడమంటే ఏంటండీ?"

శాంభవి ఓపిగ్గా చెప్పింది. మనిషి చెప్పుకుంటున్నప్పుడు ఆలకింత ఆ గొంతులోని వణుకునీ, ఊపిరినీ, నాడినీ కొలుస్తుంది. ఆ కొలతకి ఉపశమనాంకం, అంటే రిలీఫ్ ఇండెక్స్, అని పేరు. అది ఎనభై దాటితే పలక మీద పచ్చ దీపం వెలుగుతుంది. మొర తీరినట్టు లెక్క.

"నేను మోసం చెయ్యలేదమ్మా. యంత్రానికి నేర్పడానికి నాకు దొరికినవి మన సభల పాత రికార్డులే. నూట నలభై ఏళ్లవి. బాగా విన్న చోట జనం లేచి ఇళ్లకి వెళ్లిపోయారు. విననిచోట మళ్లీ మళ్లీ వచ్చారు. యంత్రం అదే నేర్చుకుంది. బాగా వినడం."

"మీకు పిల్లలున్నారా అండీ?"

శాంభవి బల్ల సొరుగు తీసి పదకొండు వేల మొరల జాబితా చేతిలో పెట్టింది. "సభలో చదవండి. నేనూ వస్తాను," అంది.

శూన్యకాలంలో, అంటే జీరో అవర్‌లో, మాట్లాడే వంతు గురువారం నాడు వచ్చింది. పూర్వం నుంచీ ప్రతిపక్షం వాళ్లకి ఒక అలవాటుంది. ఉల్లిపాయల దండలో, ఖాళీ బిందెలో, ఎండిన వరికంకులో చేత పట్టుకుని సభకి వస్తారు. నోటితో చెప్తే వినేవాళ్లు కొందరే, కంటికి కనిపిస్తే అందరూ చూస్తారని. రత్నం కూడా ఆలోచించి తలుపు సందులోని పొత్రాన్ని తీసి సంచిలో వేసుకుంది. దాని బదులు అప్పడాల కర్ర పెట్టింది.

"అత్తా, కర్ర జారకుండా సూసుకో. పిల్ల నడక నేర్సింది, గడప దాటేస్తాది," అని అత్తగారు లచ్చమ్మతో పదిసార్లు చెప్పింది.

"పోయిరాయే. నాను సూడనేటి?" అంది లచ్చమ్మ ఆవలిస్తూ.

సభ గుమ్మంలో మార్షల్ అసిరయ్య సంచి వెతికి పొత్రం బయటికి తీశాడు. "ఇదేటమ్మా! సభలో పచ్చడి నూరతారేటి?"

"సూపించడానికి, బాబాయ్."

"లోపలికి రాళ్లు ఒప్పుకోరు తల్లీ. నా కాడ ఉంచీ, ఎల్లినప్పుడు అట్టుకెళ్లు."

పాలకపక్షం సభ్యుడొకాయన అటు పోతూ, "రోలూ తెచ్చుంటే బాగుండేది, గారెలు వేసుకునేవాళ్లం," అని నవ్వాడు. రత్నం పట్టించుకోలేదు. పొత్రం లేకపోయినా చేతిలో కాగితాలున్నాయి.

పదిన్నరకి ఆమె లేచింది. "అధ్యక్షా," అని మొదలుపెట్టింది. తన తొమ్మిది నిమిషాలు చెప్పింది. ఎనిమిదో నిమిషం చెప్పింది. కొండమ్మ కొడుకు చెవుల సంగతి చెప్పింది. ఒక్కొక్క ఇంటి నంబరూ చదువుతూ పోయింది. నవ్వినాయన తల దించుకున్నాడు. మంత్రిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. గ్యాలరీలో శాంభవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇరవై నిమిషాలు ఎవరూ అడ్డు తగల్లేదు. ఆ సభలో అంతకుముందు ఎప్పుడూ అలా జరగలేదట.

ఆమె ముగించగానే రెండు పక్షాలూ బల్లలు చరిచాయి. మంత్రిగారు లేచి, "గౌరవ సభ్యురాలి ఆవేదనతో ప్రభుత్వం పూర్తిగా ఏకీభవిస్తోంది," అన్నారు. మళ్లీ బల్లలు.

రత్నం కూర్చుంది. ఒళ్లంతా దూదిలా ఉంది. ఏడాదిగా గుండె మీద కూర్చున్న బండ దిగిపోయింది. కళ్లు మూతలు పడుతున్నాయి. విన్నారు. అందరూ విన్నారు. ఇంకేం కావాలి?

అప్పుడు కనిపించింది. అధ్యక్షులవారి కుర్చీ వెనక గోడ మీద అరచేయంత పలక. అందులో పచ్చ దీపం. ఉపశమనాంకం తొంభై నాలుగు.

"విషయం తీరినట్టు నమోదైంది," అన్నారు అధ్యక్షులు. "తీరిన విషయాన్ని ఇదే సమావేశాల్లో మళ్లీ ఎత్తడానికి నియమాలు ఒప్పుకోవు. తరవాతి అంశం."

"తీరలేదు అధ్యక్షా! తలుపులు అలాగే ఉన్నాయి!"

"అమ్మా, తీరింది మీ మనసులోనే. యంత్రం మిమ్మల్నే కొలిచింది."

గడియారం పదకొండు కొట్టింది. సభాభవనం బయటి తలుపులు నాలుగూ ఒక్కసారిగా జారి మూసుకున్నాయి. అవీ వేడితలుపులే. ఇక అయిదు దాకా అందరూ లోపలే. ఎవరూ తల తిప్పి చూడలేదు, అలవాటే కదా.

ఆ చప్పుడుకి రత్నానికి పొత్రం గుర్తొచ్చింది. పొత్రం ఇక్కడుంది. ఇంట్లో ఉన్నది అప్పడాల కర్ర. రాతినే కరిచే తలుపుకి కర్ర ఒక లెక్కా?

ఫోన్లు గుమ్మం బయటే పెట్టించుకున్నారు. ఆమె లాబీలోకి పరుగెత్తి గోడ మీది ఆలకింతని తట్టింది. "సముద్రం వైపు మేడ, పదహారో అంతస్తు, నాలుగో ఇల్లు. బేగి!" ఒక చోటి పలక నుంచి ఇంకో ఇంటి పలకకి మాట్లాడొచ్చు; ఇంట్లో మనుషులు పలక్కపోతే అక్కడి ఆలకింతే పలుకుతుంది. లచ్చమ్మ పలకలేదు.

"చెప్పమ్మా," అంది అవతలి నుంచి ఒక గొంతు. రత్నం గొంతే.

"పిల్లేది? మందారం ఏది? తలుపు మూసుకుందా?"

"భయపడుతున్నావు కదూ? తల్లివి కదా మరి. పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా?"

"అత్తని లేపు! పిల్ల ఏడుపు వినిపిస్తోందా నీకు?"

"నేను విన్నాను. అన్నీ వింటున్నాను. నువ్వు ఒక్కదానివే లేవు."

ఎంత చల్లగా ఉంది ఆ మాట! రత్నం భుజాలు సడలాయి. ఊపిరి నెమ్మదించింది. పలక మధ్యలో దీపం పచ్చబడబోయింది. ఆమె ఉలిక్కిపడి తన ముంజేతిని పళ్లతో గట్టిగా కొరుక్కుంది. దిగిపోకూడదు. ఈ బరువు దిగిపోతే తను ఇక్కడే కూర్చుండిపోతుంది, కొండమ్మలాగా. ఇన్నాళ్లూ ఆ భయం పోతే బాగుండని మొక్కుకున్న మనిషి, ఇప్పుడు దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

లాబీ చివర, వంటగది వెనక నుంచి మేకపిల్ల అరుపు వినిపించింది. ఆ అరుపు ఆమెకి బాగా తెలుసు. పరుగెత్తింది. పెరటి వేడితలుపు సందున తన పొత్రం. గడప మీద అసిరయ్య, నోట్లో బీడీ.

"నాను సెడ్డోణ్ణేటి తల్లీ? పదకొండు దాటితే బీడీకి దారుండదు. నీ రాయి భలే అక్కరకొచ్చింది," అన్నాడు గాభరాగా లేస్తూ.

"బాబాయ్, ఆ రాయి తియ్యకు. ఎవరు అడిగినా తియ్యకు."

ఆమె ముఖం చూసి అతను ఇంకేమీ అడగలేదు. మెడలోని తువ్వాలు మంచినీళ్ల కుండలో ముంచి ఆమె నెత్తిన వేశాడు. "నలబై తొమ్మిదుందమ్మా బైట. నీడనట్టుకుని ఎల్లు."

ఇంటికి మూడు కిలోమీటర్లు. రోడ్డు మీద ఒక్క మనిషి లేడు. తువ్వాలు వంద అడుగులకే ఎండిపోయింది. రత్నం పరుగెడుతూనే ఉంది. సభలో వాళ్లు తరవాతి అంశంలో ఉన్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. విన్నారు, కళ్లు తుడుచుకున్నారు, బరువు దిగింది.

ఇంతసేపూ చదివిన మీకు కూడా గుండెలో ఎక్కడో కాస్త బరువెక్కి ఉంటుంది. అది దిగిపోకముందే లేవండి. రత్నం చేరేలోగా దగ్గర్లో ఉన్నవాళ్లెవరైనా మందారాన్ని చూడాలి. సముద్రం వైపు మేడ, పదహారో అంతస్తు, నాలుగో తలుపు. అంత దూరం వెళ్లలేకపోతే మీ పక్కింట్లో చంటిపిల్లతో ఒంటరిగా ఉన్న మనిషి ఉండే ఉంటుంది. పొద్దున్నుంచీ ఆమె గొంతు మీకు వినిపించి ఉండదు. గోడ ఇవతలి నుంచి బాగున్నావా అని అడిగి ఊరుకోకండి. వెళ్లి, తలుపు తీయించి, తల్లినీ పిల్లనీ కళ్లతో చూసి రండి.