తెలుసా అనే గడి

పదకొండున్నరకు దమయంతి ఇరవై ఏడో జీవితాన్ని కొలిచి ముద్ర వేసింది. కాకినాడ క్షేమమాపక భవనంలో పేర్లుండవు. మనిషి ఎలా బతుకుతున్నాడో సాక్షి రాసిచ్చిన పేజీ ఒక్కటే తెర మీదికి వస్తుంది. ఈ పేజీలో ఒక రిటైర్డు డ్రైవరు. రోజూ చదరంగంలో అల్లుణ్ణి ఓడిస్తున్నాననుకుంటాడు. అల్లుడు కావాలనే ఓడిపోతున్నాడు. చివర ‘తెలుసా?’ అనే గడిలో ‘తెలియదు’ అని ఉంది. సుఖపు కొలతలో తెలియని సంగతికి తూకం లేదు. తొంభై మూడు వేసి పంపేసింది.

పద్దెనిమిదేళ్లు నిండగానే ఎవరి బతుకును దేనితో కొలవాలో వాళ్లే ఎంచుకోవాలి: సుఖంతోనా, తీరిన కోరికలతోనా, నిజంతోనా. సాక్షిని మాత్రం ప్రభుత్వమే పెడుతుంది, ఎవరో చెప్పదు. దమయంతి ఆ వయసు పొగరులో నిజపు కొలత రాసిచ్చింది. ఉద్యోగంలో చేరాక ఊళ్లోవాళ్లకు సుఖం చాలుననిపించింది. తెలియని నిజం మనిషినేం చేస్తుందని కొత్తవాళ్లకు పాఠం కూడా చెప్పేది.

కొలిచే ఉద్యోగుల సొంత పేజీలు పక్క జిల్లా భవనానికి వెళ్లడం రివాజు. ఆ వారం తుపానుకు అక్కడ కరెంటు పోయి, అన్నీ వెనక్కి వచ్చాయి.

ఇరవై ఎనిమిదోది ఒక సాక్షి పెట్టిన కొలత మార్పు అర్జీ. ‘ఈమెను నిజపు కొలత నుంచి సుఖపు కొలతకు మార్చగలరు. ఈమె ముందు పెరుగన్నం తిని, తర్వాత పప్పన్నం తింటుంది. మధ్యాహ్నం నాతో కలిసి తినడమే ఈమెకు పెద్ద సంతోషం. నా స్నేహం విధి నిర్వహణ అని తెలియదు. నిజపు కొలతలో ఈ స్నేహానికి సున్నా వస్తుంది.’

తనలా పెరుగన్నం ముందు తినేవాళ్లు లోకంలో ఎంతమంది ఉంటారు? తనదాకా వస్తే గాని తత్వం బోధపడదంటారు. తొమ్మిదేళ్లుగా ఆమె ఎదురుగా కూర్చుని తినేది కస్తూరి ఒక్కతే. తల్లి పోయినప్పుడు పదిరోజులూ పక్కన పడుకున్నదీ ఆ మనిషే. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. దమయంతి గడిలో ‘తెలుసు’ అని నింపింది. ఆ మాటకు ఏ అంకె వెయ్యాలో యంత్రానికి ఎవరూ నేర్పలేదు. తెర అలాగే ఉండిపోయింది.

భోజనాల హాల్లో కస్తూరి అప్పటికే క్యారేజీ విప్పింది.

“రావే, పనసపొట్టు కూర. నీకోసమే ఆవ పెట్టాను.”

“అది కూడా పేజీలో రాస్తావా?”

కస్తూరి చెయ్యి గిన్నె మీదే ఆగింది. బుకాయించలేదు, అదొక్కటే మేలు.

“మొదటి రెండేళ్లే డ్యూటీ. తరవాత కాదే.”

“మరా మాట రాయలేదేం?”

“రాస్తే నన్ను తీసేసి ఇంకొకర్ని పెడతారు. కొలత మారిస్తే ఎవరూ తవ్వరనుకున్నాను.”

దమయంతికి నమ్మాలనే ఉంది. అందుకే ఒళ్లు మండిపోయింది.

“నేను నిజం కావాలని రాసిచ్చానే. దాన్ని కూడా నాకు తెలీకుండా తీసేద్దామనుకున్నావు.”

భోజనాల బంతి పిలవడానికి పెట్టిన మైకు తీసుకుని, ఆ పేజీ మొత్తం తన పేరు కలిపి, గుర్తున్నది గుర్తున్నట్టు పైకి వినిపించింది. కస్తూరి పేరు కూడా చెప్పింది. నలభై మంది తినడం ఆపారు. ప్రతివాడూ ఎదురుగా కూర్చున్న మనిషిని ఒకసారి చూసి, చూపు కంచంలోకి దించుకున్నాడు. ముందు ఒక్కడు లేచాడు, తర్వాత అందరూ లేచి తమ పేజీలు చూపించమని ఆఫీసు గది ముందు గుమిగూడారు.

కస్తూరి మాత్రం కదల్లేదు. నెమ్మదిగా అడిగింది.

“నా పేజీ రాసేది నువ్వేనా?”

“కాదు,” అంది దమయంతి. నిజమే చెప్పింది. కస్తూరి నమ్మలేదు.