నల్ల గోళీ

హార్లన్ వోస్ టోపీ నెత్తిమీదే ఉంది. మనిషి మాత్రం పోయాడు.

ఒహాయో నది ఒడ్డున ఆ చిన్న ఊళ్లో, ఫ్రీమేసన్లనే రహస్య సోదర సంఘపు లాడ్జికి ఆయన మాస్టర్, అంటే పెద్ద. మేడ మీద తన గదిలో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. ఛాతీలో చిన్న మడత కత్తి. పిడి మీద చెక్కిన అక్షరాలు: ‘డారెల్‌కు, ఫేయ్.’

"పెళ్లి కానుక," అన్నాడు డెప్యూటీ టక్కర్. "కేసు అయిపోయినట్టే, మేడమ్."

డిటెక్టివ్ హెట్టీ క్రెయిగ్ పిడి మీద అక్షరాలు మళ్లీ చదివింది. తన వేలి ఉంగరాన్ని ఒకసారి తిప్పుకుంది. దానికింకా కొత్త మెరుపు పోలేదు.

టక్కర్ కూడా ఈ లాడ్జి సభ్యుడే. కింద భోజనాల బల్ల దగ్గర ఉండగా, వోస్‌ను పిలవడానికి పైకెళ్లినవాడి కేక వినిపించింది. వెంటనే పరుగెత్తి, మేడ మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు. అప్పటి నుంచీ పైకి ఎవరూ వెళ్లలేదు.

"డారెల్ పింక్నీ ఈ సాయంత్రమే లాడ్జిలో చేరాడు," అన్నాడు టక్కర్. "తంతు అయ్యాక అందరం కిందికి దిగాం, ఆఖరున స్టెబిన్స్. వోస్ తంతులో పెట్టుకునే మాస్టర్ టోపీ తీసి పెట్టేసి వస్తానన్నాడు. రాలేదు. మధ్యలో డారెల్ బాత్రూమ్‌కని పైకెళ్లొచ్చాడు."

"పగేమిటి?"

"వాళ్ల నాన్న కూడా ఒకప్పుడు చేరదామని వచ్చాడు. పెట్టెలో నల్ల గోళీ పడింది."

హెట్టీ తలూపింది. ఊళ్లో తెలియనిదెవరికి? సభ్యులంతా తెల్ల గోళీ వేస్తేనే లోపలికి. ఒక్క నల్లది పడితే తలుపు మూసుకున్నట్టే. ఎవరు వేశారో జన్మలో బయటపెట్టకూడదు.

"ఆ అవమానంతోనే పోయాడాయన," అన్నాడు టక్కర్. "ఆ గోళీ వేసినవాణ్ణి పట్టుకుంటానని కుర్రాడు మంగలి షాపులో అందరి ముందూ అన్నాడు."

కిందికి దిగితే కాఫీ వాసన, వెన్న కలిపి పీచ్ పండ్లతో కాల్చిన ‘పై’ వాసన. అంత విషాదంలోనూ హెట్టీకి నోరూరింది. బల్ల చివర డారెల్ కూర్చున్నాడు. ఇంకా తంతు వేషంలోనే ఉన్నాడు: నాడాతో కట్టుకున్న తెల్ల పాంటు, తెల్ల చొక్కా, ఒక కాలికి స్లిప్పరు. నడుముకి, చేరినవాళ్లకు గుర్తుగా కట్టే కొత్త తోలు ఏప్రాన్.

"మేడమ్, ముందు నా ఉంగరం ఇప్పించండి," అన్నాడు.

"లాయర్ వద్దా?"

"పెళ్లయి ఆరు వారాలే. వేలు బోసిగా ఉంటే ఫేయ్ ఇంట్లోకి రానివ్వదు."

"ఎక్కడుంది?"

"తంతుకి ముందు ఒంటిమీద లోహమన్నదే ఉండకూడదన్నారు. ఉంగరం, వాచీ, చిల్లర, కత్తి అన్నీ స్టెబిన్స్ గారు ట్రేలో పెట్టించుకున్నారు. తిరిగివ్వలేదు. బట్టలు మార్చుకుంటానంటే, 'గది తాళంచెవి నా దగ్గరే ఉంది, ఎక్కడికి పోతుంది? ముందు పీచ్ పై తినవయ్యా' అన్నారు."

ఆరిన్ స్టెబిన్స్ ముసలాయన. కొత్తవాళ్లను ముస్తాబు చేసే పని ఆయనది. కాఫీ కప్పు ఠక్కున కింద పెట్టాడు.

"అబద్ధం! నా చేత్తో ఇచ్చాను."

"ఎక్కడ?" అంది హెట్టీ.

"మెట్ల దగ్గర. కిందికి దిగబోయే ముందు."

"తర్వాత?"

"ఉంగరం, వాచీ అన్నీ తీసుకున్నాడు. కత్తి జేబులో వేసుకున్నాడు. ఈ కళ్లతో చూశాను, అమ్మాయ్."

"ఏ జేబు?"

"పాంటు కుడి జేబు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఒక్కసారి చాలు, స్టెబిన్స్ గారూ. డారెల్, లేచి నిలబడు. కుడి జేబులో చెయ్యి పెట్టు."

డారెల్ చెయ్యి తొడ మీద జారింది. మళ్లీ జారింది. ఎడమవైపు తడుముకున్నాడు. చొక్కా తడుముకున్నాడు.

"జేబే లేదు మేడమ్."

టక్కర్ నోరు తెరిచాడు. "ఓరి దేవుడా. ఈ పాంటు నేనూ కట్టుకున్నాను. అందరం కట్టుకున్నాం."

"అందుకే ఎవరికీ కనబడలేదు," అంది హెట్టీ. "లోహం తగలకూడదని గుండీ లేకుండా, జిప్పు లేకుండా, జేబు కూడా లేకుండా కుట్టించారు. ఇన్నేళ్లుగా దాన్ని అందరికీ తొడిగింది ఈయనే. కానీ అబద్ధమాడేటప్పుడు మామూలు పాంటే గుర్తొచ్చింది. టక్కర్, ఆయన తాళంచెవి తీసుకో."

అందరూ పైకెళ్లి ముస్తాబు గది తెరిచారు. డారెల్ సొంత బట్టలు కొక్కేనికి వేలాడుతున్నాయి. ట్రేలో ఉంగరం, వాచీ, చిల్లర. కత్తి లేదు.

"కత్తి లేదని తెలిసిపోతుందని ఇతన్ని గదిలోకి రానివ్వలేదు మీరు," అంది హెట్టీ స్టెబిన్స్‌తో. "ఆఖరున దిగింది మీరే. మిగతావి ఇతని కోటులో వేద్దామనుకున్నారు. ఈలోగా టక్కర్ మెట్లకు అడ్డం పడ్డాడు. ఎందుకు చంపారు?"

స్టెబిన్స్ తన ఏప్రాన్ అంచు నలిపాడు.

"నా కొడుకు లైల్. చిన్నప్పటి నుంచీ ఈ ఏప్రాన్ కోసం కలలు కన్నాడు. నల్ల గోళీ పడింది. ఆ సాయంత్రమే కారు తీసుకెళ్లి వంతెన దగ్గర గోడకి కొట్టాడు. ఎవరు వేశారో తెలియక ఇన్నాళ్లూ ప్రతివాడితోనూ చెయ్యి కలుపుతూ బతికాను. పోయిన వారం హార్లన్ వోసే నోరు జారాడు. 'రెండుసార్లూ నేనే వేశాను, ఆరిన్. పింక్నీ కొడుకు చేరిక కాగితం మీద నేనే సంతకం పెట్టి పాపం కడుక్కుంటున్నాను' అన్నాడు."

ఆయన డారెల్ వైపు తిరిగాడు.

"వీడికి తలుపు తీశాడు. నా బిడ్డకి గొయ్యి తీశాడు. వాడు చావాలి, అదీ వీడి కత్తితోనే అనుకున్నాను. ఏరా, నువ్వు వెతికింది కూడా వాణ్ణే కదా? నీ పగ నేను తీర్చాను. థాంక్స్ చెప్పు."

టక్కర్ వచ్చి స్టెబిన్స్ పక్కన నిలబడ్డాడు.

డారెల్ ట్రేలోంచి ఉంగరం తీసి వేలికి తొడుక్కున్నాడు. బిగుతుగా ఉంది. నెమ్మదిగా తిప్పి కిందికి నొక్కాడు.

"మా నాన్న పగ నాది, మిస్టర్ స్టెబిన్స్. దాంతో నన్నే ఉరికి పంపబోయారు మీరు," అన్నాడు. "ఇక కోర్టులో నేను సాక్షిని. అక్కడ ఓటు రహస్యం ఉండదు. మీ ముఖం చూసే వేస్తాను, నల్ల గోళీ."