బఠాణి మీద పడ్డ నింద

పొద్దున్నే ఉప్మా వడ్డిస్తుంటే ఒక రెక్కల పురుగు ఎగురుకుంటూ వచ్చి సరిగ్గా దేవకుమారి పళ్ళెంలోనే పడింది. జాన్సన్ పళ్ళెంలో పడి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. అతను వేలితో తీసి పారేసి, మిగతాది తినేసి ఆఫీసుకు వెళ్ళిపోయేవాడు. కానీ పడింది అతని తల్లి పళ్ళెంలో.

"చూశావా స్టెల్లా? నిన్న టీలో, ఇవాళ ఉప్మాలో. ఇంట్లో ఎలకని పెట్టుకుంటే పురుగులు రాక చిలకలొస్తాయా?" అంది దేవకుమారి, పళ్ళెం పక్కకి నెట్టి.

"అది ఎలక కాదు నానమ్మా, హామ్‌స్టర్" అంది స్నేహ, నోట్లో ముద్ద పెట్టుకునే.

"తోక కురచైతే ఎలక కాకుండా పోతుందా?"

స్నేహ అయిదో తరగతి. ఎవరితోనైనా వాదిస్తుంది గానీ తోక సంగతి మాత్రం వదిలేసి ఇంకో ముద్ద పెట్టుకుంది. వంటగది గుమ్మం పక్కన బల్ల మీదున్న పంజరంలో బఠాణి అనే ఆ హామ్‌స్టర్ ఈ గొడవేమీ పట్టనట్టు రెండు బుగ్గల్లో గింజలు కుక్కుకుని, మూలకి పోయి, రంపపు పొట్టు కింద దాచుకుంటోంది. దానికి అదే పని. పెట్టింది పెట్టినట్టు తినదు, రేపటికి దాస్తుంది.

బఠాణి ఈ ఇంటికి వచ్చిన తీరే దేవకుమారికి నచ్చలేదు. స్నేహ స్నేహితురాలి తండ్రికి బదిలీ అయింది. వాళ్ళు వెళ్తూ వెళ్తూ పంజరం ఇస్తామంటే స్టెల్లా సరేనంది, అత్తగారిని ఒక్క మాట అడగలేదు. స్టెల్లా బాపట్లలో టీచరు. పొద్దున రైలెక్కితే మళ్ళీ తెనాలిలో దిగేది సాయంత్రానికే. పగలంతా ఆ వంటగది దేవకుమారిది. తన వంటగది గుమ్మంలో తనకు చెప్పకుండా ఒక ఎలకని కూర్చోబెట్టారన్నది ఆవిడ బాధ. పురుగులు ఆ తరవాత వచ్చిన వంక.

స్టెల్లా చెయ్యాల్సింది చేసింది. ఆదివారం గుడి నుంచి రాగానే కొంగు బిగించి పంజరం మొత్తం ఖాళీ చేసింది. బఠాణి పాత గింజల సంచీ విప్పి చూస్తే, ఎంత వెతికినా ఒక్క పురుగు లేదు. అయినా ఎందుకొచ్చిన అనుమానమని పారేసింది. కొత్త ప్యాకెట్ తెచ్చి, పురుగు గుడ్లుంటే చస్తాయని ఫ్రీజర్‌లో పెట్టింది.

"ఎలక తిండి మన చేపల పక్కనా!" అంది దేవకుమారి.

"మూత బిగించి పెట్టానండి అత్తయ్యా. వారం ఉంచి, తీసి సీసాలో పోస్తాను."

పప్పులు, రవ్వ, శనగపిండి, ఏ డబ్బానీ వదల్లేదు. అన్నీ ఎండలో పోసింది, అలమారు తుడిచింది. పై అరలో తెల్ల రంగుతో సిలువ గీసిన మట్టికుండ ఒకటుంది. దాని మీద చెయ్యి వెయ్యబోతే దేవకుమారి ఆపింది.

"అది దేవుడి బియ్యం. దాని జోలికి వెళ్ళకు."

స్టెల్లా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ కుండ దేవకుమారి అత్తగారి నాటిది. పూటపూటా అన్నానికి బియ్యం తీసుకోగానే, అందులోంచి ఒక పిడికెడు దేవుడి పేరున ఆ కుండలో వెయ్యాలి. ఆకలేసినా సరే, చుట్టాలొచ్చి బియ్యం చాలకపోయినా సరే, పిడికెడు తప్పకూడదు. నెలాఖరుకు చర్చి సంఘం నుంచి కరుణమ్మగారు సంచీ పట్టుకుని వచ్చేది, ప్రార్థన చేసి బియ్యం పట్టుకెళ్ళేది. అవి బీదసాదలకు పోయేవి. అందుకని ఆ ఇంట్లో ఆ కుండను ఎవరూ అనుమానించరు. దేవుడి గదిని సోదా చేసేవాళ్ళుంటారా?

పురుగులు తగ్గలేదు. సాయంత్రం దీపం చుట్టూ తిరిగాయి, గోడల మీద వాలాయి, స్నేహ లెక్కల పుస్తకంలో నలిగాయి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, ఆ సామెత ఈ ఇంటికి కొంచెం మార్చి వాడుకోవచ్చు.

ఇక తనే ఏదో ఒకటి చెయ్యాలనుకుంది దేవకుమారి. బీరువాలో చీరల మధ్య నుంచి గుప్పెడు కలరా ఉండలు తీసి, పంజరం కిందా చుట్టూ పెట్టింది. ఆవిడ ఉద్దేశం పురుగుల్ని తరమడమే. పట్టుచీరల్ని కాపాడేది పంజరాన్ని కాపాడదా అనుకుంది.

సాయంత్రం స్టెల్లా వచ్చేసరికి బఠాణి పొట్టులో ఒక పక్కకి ఒరిగి, రొప్పుతోంది. స్నేహ పంజరం పట్టుకుని నిలబడి ఉంది. స్టెల్లాకు ముందు వాసన తెలిసింది. గబగబా పంజరం పట్టుకుపోయి పెరట్లో గాలికి పెట్టింది. చాలాసేపటికి బఠాణి లేచి మూతి తుడుచుకుంది. అప్పుడు స్టెల్లా లోపలికొచ్చింది.

"ఆ ఘాటు మనమే పీల్చకూడదండి. అంత చిన్న ప్రాణి ఏమవుతుంది?"

"నాకేం తెలుసు? పురుగులు పోతాయని పెట్టాను."

"నన్నడగొచ్చు కదా!"

"నువ్వు నన్నడిగావా, దాన్ని తెచ్చేటప్పుడు?"

"అదీ! మీ కోపం దాని మీద కాదు అత్తయ్యా, నా మీద. నేను ఉద్యోగానికి పోతానని, ఇల్లు మీ నెత్తిన పడేశానని."

"ఎన్నాళ్ళుగా దాచుకున్నావమ్మా ఈ మాట? సరే. ఈ ఇంట్లో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. ఏదో ఒకటి తేల్చండి."

జాన్సన్ పేపరు మడిచాడు. తల్లినీ నొప్పించలేడు, భార్యనీ ఒప్పించలేడు. అలాంటివాళ్ళు ఎప్పుడూ మూడోవాళ్ళ మీద వేస్తారు. రేపల్లెలో ఉన్న చెల్లెలు నిర్మలకు ఫోన్ చేశాడు. మర్నాడే పంజరం రేపల్లె వెళ్ళిపోయింది.

స్నేహ ఏడవలేదు. ఏడిస్తే దేవకుమారికి కొంచెం తేలికయ్యేది. రాత్రి కుటుంబ ప్రార్థనలో మాత్రం కళ్ళు మూసుకుని, "ప్రభువా, బఠాణి ఏ తప్పూ చెయ్యలేదని నీకు తెలుసు" అంది. జాన్సన్ ఆమెన్ అన్నాడు. స్టెల్లా అంది. దేవకుమారి మాత్రం ఆమెన్ అనకుండానే లేచి దుప్పటి పరుచుకుంది. ఆ పిల్ల మంచం మార్చుకుని తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది. నానమ్మ పక్కన దుప్పటి సగం ఖాళీగా ఉండిపోయింది.

పంజరం పోయింది. పురుగులు పోలేదు.

ఒక మధ్యాహ్నం దేవకుమారి అన్నానికి బియ్యం తీసుకుని, అలవాటుగా పిడికెడు పట్టుకుని స్టూలెక్కింది. మూత కొంచెం ఎత్తేసరికి లోపలి నుంచి రెక్కల పురుగొకటి ఆవిడ మొహానికి తగిలి ఎగిరింది. దాని వెనక ఇంకొకటి. ఆవిడ కుండను కిందికి దించి, చెయ్యి పెట్టింది. బియ్యం సాలెగూడు లాంటి దారాలతో ఉండలు ఉండలుగా వచ్చాయి. ఉండ విప్పితే తెల్లటి పురుగులు మెలికలు తిరిగాయి.

ఆవిడ కుండ పక్కనే చతికిలబడింది. పెరటి గోడ అవతల కాలవ ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. కుమ్మరించి, కడిగి, బోర్లిస్తే చెప్పేవాళ్ళెవరు? అత్త కొడితే అడుగోటి కుండ, కోడలు కొడితే కొత్త కుండ. ఆ సామెత ఊరికే పుట్టిందా? దేవకుమారి కుండ ఎత్తుకుని పెరటి తలుపు దాకా వెళ్ళింది కూడా. ఖాళీ బల్ల కనిపించింది. దాని మీద స్నేహ అక్కడే ఉంచేసిన బఠాణి నీళ్ళ సీసా ఉంది. వెనక్కి వచ్చి కూర్చుంది.

స్టెల్లా వచ్చేసరికి ఆవిడ ఇంకా అక్కడే ఉంది. అన్నం వండలేదు.

"ఏంటత్తయ్యా, ఒంట్లో బాలేదా?"

"పురుగులు ఇక్కడివే తల్లీ" అంది దేవకుమారి, కుండను ముందుకు జరిపి. "దేవుడి బియ్యంలోవి. పాపం, నోరు లేనిదాన్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టాను."

స్టెల్లా చూసింది. కుండ అంచు దాకా నిండి ఉంది. "ఇన్ని బియ్యమేంటండి? కరుణమ్మగారు నెలనెలా..." అని ఆగిపోయింది. కరుణమ్మగారిని మొన్న ఈస్టర్ ముందే సమాధి చేసి వచ్చారు.

"ఆవిడ పోయాక ఎవరూ రాలేదు. కానుకలన్నీ ఫోన్‌లోనే వేస్తున్నారట కదా, గుడి గుమ్మం దగ్గర స్కానర్ అంటించారు. పట్టుకెళ్ళి ఇద్దామంటే, ఇప్పుడీ బియ్యం ఏం చేసుకుంటామండి అంటారేమోనని... వస్తారేమో, వస్తారేమో అని వేస్తూ కూర్చున్నాను."

"మాకెందుకు చెప్పలేదు?"

"నా పిడికెడు ఇంకెవరికీ అక్కర్లేదని నా నోటితో ఎలా చెప్పమంటావు?"

స్టెల్లా భుజానున్న సంచీ దించి కింద పెట్టింది. బాపట్ల రైలు, స్కూలు పరీక్షలు, జీతం, వీటి మధ్య అత్తగారు పగలంతా ఎవరి కోసం ఎదురుచూస్తోందో ఒక్కరోజైనా అడగలేదు. మొన్నటి గొడవలో తనన్న మాట తనకే గుచ్చుకుంది. కింద కూర్చుని ఆవిడ పురుగులు ముట్టిన చేతిని పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు.

"మా స్కూలు వెనకాల ముసలివాళ్ళ ఆశ్రమం ఉందండి" అంది కాసేపటికి స్టెల్లా. "నెలనెలా నేను పట్టుకెళ్తాను. మీరూ ఒకసారి రండి."

ఆ బియ్యం పక్కింటి కోళ్ళకు పండగైంది. కుండ కడిగి ఎండబెట్టారు గానీ, పిడికెడు వెయ్యడానికి మాత్రం బిగుతు మూత ఉన్న గాజు సీసా వచ్చింది. సీసా మీద సిలువ స్నేహ గీసింది, కాస్త వంకరగా.

శనివారం స్నేహను వెంటబెట్టుకుని దేవకుమారే రేపల్లె రైలెక్కింది. వచ్చేటప్పుడు పంజరం సీటు మీద పెట్టనివ్వలేదు, ఒళ్ళోనే పెట్టుకుంది. భట్టిప్రోలులో ఎక్కిన ఒకావిడ, "ఎలకాండి మామ్మగారూ?" అని అడిగింది.

"ఎలక కాదమ్మా, హామ్‌స్టర్" అంది దేవకుమారి.

స్నేహ కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకుంది. బఠాణి మటుకు బుగ్గల్లో గింజలు తీసుకెళ్ళి మూలన కూరుతోంది. దేవకుమారి వంగి చూసి, "ఎవరి కోసమే ఇంత దాస్తావు? నాలాగే ఉన్నావు" అంది మెల్లగా.

ఆ రాత్రి ప్రార్థన ఎవరు చేస్తారని జాన్సన్ అడగకముందే దేవకుమారి మొదలుపెట్టింది.

"ప్రభువా, ఏ తప్పూ చెయ్యనిదాని మీద నింద వేశాను. పసిదాని మనసు కష్టపెట్టాను. క్షమించు..."

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. బల్ల మీద బఠాణి పంజరంలో చక్రం తిప్పుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

"ఆమెన్" అంది స్నేహ. తన దుప్పటి చంకన పెట్టుకుని, నానమ్మ మంచం ఎక్కింది.